గ్రీస్ యాత్రకు ముందే గ్రీస్‌ను తెలుసుకోవడం ఎలా?

గ్రీస్ చూడాలనుకునే తెలుగువారిలో చాలామందికి ఆ దేశం రెండు రూపాల్లోనే పరిచయం. పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న సోక్రటీసు, అరిస్టాటిలు, అలెగ్జాండరుల గ్రీస్ ఒకటి. ఫోన్ తెరల మీద కనిపించే నీలి గుమ్మటాల, తెల్లసున్నపు గోడల శాంటోరిని మరొకటి. ఈ రెంటికీ మధ్య రెండువేల సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉంది. మనకు అక్కడ గది అద్దెకిచ్చే మనిషి, బస్సు నడిపే మనిషి, చర్చి ముందు కొవ్వొత్తులు అమ్మే ముసలామె ఆ మధ్యకాలానికి వారసులు. దానిని తెలుసుకోకుండా వెళ్ళినవారు శిథిలాలనూ సముద్రాన్నీ చూసి వస్తారే గాని దేశాన్ని చూడరని నా గట్టి నమ్మకం. పైగా ఏ నెలలో వెళ్ళాలి, ఏ దీవిని ఎంచుకోవాలి, శాకాహారులు ఏం తినాలి వంటి నిత్యావసర ప్రశ్నలకు కూడా సమాధానాలు హోటళ్ళ జాబితాల్లో కంటే ఆ దేశపు నైసర్గిక స్వరూపంలోనూ, పండుగల క్రమంలోనూ స్పష్టంగా దొరుకుతాయి.

ప్రయాణానికి మూడు నెలల ముందు మొదలుపెట్టి వారానికి రెండు మూడు సాయంత్రాలు కేటాయించగలిగితే ఇక్కడ చెప్పబోయేదంతా తీరికగా పూర్తవుతుంది. మొదట పటం, తరువాత పండుగలు, ఆపైన చరిత్ర, లిపి, భోజనం అన్న క్రమాన్ని పాటించండి. పటమూ పండుగలూ అర్థమయ్యేదాకా టికెట్ల జోలికి వెళ్ళకపోవడం మంచిది.

పటం చదవడం

జిల్లాల సరిహద్దులు చూపే పటం కాకుండా కొండల ఎత్తును రంగుల్లో చూపే పటాన్ని తీసుకోండి. గ్రీస్ వైశాల్యం సుమారు 1,32,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ కంటే పెద్దది, ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. జనాభా 2021 లెక్కల ప్రకారం దాదాపు ఒక కోటి అయిదు లక్షలు మాత్రమే. వారిలో మూడో వంతుకు పైగా ఏథెన్స్ ఉన్న ఆటికా ప్రాంతంలోనే నివసిస్తారు. దేశంలో దాదాపు అయిదింట నాలుగు వంతుల నేల కొండలే కాబట్టి, పటం మీద దగ్గరగా కనిపించే రెండు ఊళ్ళ మధ్య దారి మలుపులు తిరుగుతూ గంటల తరబడి సాగుతుంది. పూర్వం ప్రతి లోయా ఒక స్వతంత్ర నగరరాజ్యంగా ఎదగడానికీ, ఆ ప్రజలు రోడ్ల కంటే సముద్రాన్ని నమ్ముకోవడానికీ ఈ కొండలే ముఖ్య కారణం. నేటికీ ప్రపంచ వాణిజ్య నౌకల యజమానుల్లో గ్రీకులు అగ్రశ్రేణిలో ఉన్నారు.

పటంలో పడమటి వైపున ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే పిండస్ పర్వతశ్రేణిని గుర్తించండి. పడమటి నుంచి వచ్చే వానమబ్బులను అది అడ్డుకుంటుంది. అందువల్ల పశ్చిమ తీరాన ఉన్న కోర్ఫు దీవిలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షం పడితే, కొండలకు ఇవతల ఉన్న ఏథెన్స్‌లో దాదాపు 400 మిల్లీమీటర్లే పడుతుంది; అది మన అనంతపురం వర్షపాతం కంటే కూడా తక్కువ. పచ్చని దీవులు కావాలనుకునేవారు పశ్చిమాన ఉన్న అయోనియన్ దీవులను ఎంచుకోవాలి. రాతినేల, తీవ్రమైన వెలుగు, గాలి, తెల్లని ఇళ్ళు కావాలనుకునేవారు ఈజియన్ సముద్రంలోని సైక్లడీస్ దీవులను ఎంచుకోవాలి. ఈ ఒక్క విషయం తెలియక ఎంతోమంది శాంటోరినిలో చెట్ల నీడ కోసం వెతుక్కుంటారు.

దీవులూ తిప్పలూ కలిపి దాదాపు ఆరువేలు ఉన్నా, మనుషులు నివసించేవి రెండు వందల పైచిలుకు మాత్రమే. వాటిని విడివిడిగా గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నించవద్దు, గుంపులుగా నేర్చుకోండి. శాంటోరిని, మైకొనోస్, నాక్సోస్, పారోస్, టీనోస్, సీరోస్ సైక్లడీస్ గుంపులోవి. రోడ్స్, కోస్, పాట్మోస్ టర్కీ తీరానికి దగ్గరగా ఉన్న డొడెకనీస్ గుంపులోవి. కోర్ఫు, కెఫలోనియా, జకింథోస్ అయోనియన్ గుంపులోవి. లెస్బోస్, కియోస్, సామోస్ ఈశాన్య ఈజియన్‌లో ఉన్నాయి. ఈజీనా, హైడ్రా ఏథెన్స్‌కు దగ్గరలోనే ఉంటాయి. హైడ్రాలో కార్లు, మోటారు సైకిళ్ళు నిషిద్ధం. ఇలా గుంపులుగా నేర్చుకోవడం ఎందుకంటే, ఏథెన్స్ ఓడరేవైన పిరేయస్ నుంచి ఓడలు ఒక్కొక్క గుంపుకూ వెళ్తాయి, ఒకే గుంపులోని దీవుల మధ్య తరచుగా తిరుగుతాయి. కాని ఒక గుంపు నుంచి మరొక గుంపుకు దారి చాలాసార్లు మళ్ళీ పిరేయస్ మీదుగానే. శాంటోరిని చూసి మరునాడు కోర్ఫు చూద్దామనుకునే ప్రణాళిక కాగితం మీద అందంగా ఉంటుంది గాని, అవి రెండు వేర్వేరు సముద్రాల్లో ఉన్నాయి. కోర్ఫుకు వెళ్ళే ఓడలు పిరేయస్ నుంచి కాక వాయవ్య తీరంలోని ఇగూమెనిత్సా నుంచి బయలుదేరుతాయి. క్రీట్‌ను ఏ గుంపులోనూ కలపకండి. దాదాపు 260 కిలోమీటర్ల పొడవున, రెండువేల నాలుగు వందల మీటర్లు దాటిన కొండలతో ఉన్న ఆ దీవికి కనీసం ఒక వారం విడిగా కేటాయించాలి.

పది రోజుల సెలవు మాత్రమే ఉన్నవారికి నా సలహా ఇది: ఏథెన్స్‌తో పాటు ఒకే ఒక్క దీవుల గుంపును చూడండి, లేదా దీవులను పూర్తిగా విడిచిపెట్టి ఏథెన్స్‌తో పాటు పెలొపొనీస్ ద్వీపకల్పాన్ని చూడండి. మైసీనీ కోట, ఎపిడారస్ రంగస్థలం, ఒలింపియా, బైజాంటిన్ కాలపు కొండ నగరం మిస్ట్రాస్, అందమైన నాఫ్ప్లియో పట్టణం అన్నీ అక్కడే ఉన్నాయి. సైక్లడీస్‌కే వెళ్ళాలనుకుంటే శాంటోరినిలో రెండు రాత్రులు చాలు. మిగిలిన రోజులు నాక్సోస్‌కు ఇవ్వండి. క్రీ.పూ. 1600 ప్రాంతంలో జరిగిన మహా విస్ఫోటనంలో మధ్యభాగం కుంగిపోయిన అగ్నిపర్వతపు అంచు శాంటోరిని. దానిని చూసి తీరాలి, అందులో సందేహం లేదు. కాని బంగాళదుంపలు పండించే రైతులు, జున్ను చేసే కుటుంబాలు, పర్యాటకులు లేకపోయినా సాగే ఊరి బతుకు నాక్సోస్‌లో కనిపిస్తాయి.

పటంతో పని ముగించే ముందు ఊళ్ళకు ఉన్న రెండో పేర్లను రాసిపెట్టుకోండి. ఓడల వేళల పట్టికలో శాంటోరిని తరచుగా థీరా పేరుతో ఉంటుంది. కోర్ఫును అక్కడివారు కెర్కిరా అంటారు, క్రీట్‌ను క్రీతీ అంటారు, ఏథెన్స్‌ను అథీనా అంటారు. క్రీట్‌లోని హన్యా పట్టణం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. ఓడరేవులో తొందరలో ఉన్నప్పుడు ఈ చిన్న జాబితా విలువ తెలుస్తుంది.

ఇక గాలి. జూలై, ఆగస్టు నెలల్లో ఈజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తేమి అనే పొడిగాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా, ఎండ కాస్తూ ఉండగానే సముద్రం అల్లకల్లోలమవుతుంది. గాలి ఒక స్థాయి దాటితే రేవు అధికారులు ఓడలను కదలనివ్వరు. కాబట్టి స్వదేశానికి తిరిగివచ్చే విమానం ఉన్న రోజున దీవి నుంచి బయలుదేరవద్దు. ఒక రోజు ముందుగానే ఏథెన్స్ చేరి ఉండాలి. నెలను ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నవారు మే నెల మధ్య నుంచి జూన్ మధ్య వరకు, లేదా సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు మొదటి వారం వరకు వెళ్ళండి. సెప్టెంబరులో సముద్రపు నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. నవంబరు నుంచి మార్చి వరకు చిన్న దీవుల్లో చాలా హోటళ్ళు, భోజనశాలలు మూసి ఉంటాయి. ఆ నెలల్లో ఏథెన్స్, థెస్సలొనీకి వంటి నగరాలు మాత్రమే సరైనవి.

పండుగల క్రమం

గ్రీకుల్లో అత్యధికులు ఆర్థడాక్స్ క్రైస్తవులు. వారికి క్రిస్మస్ కంటే ఈస్టర్ పెద్ద పండుగ. ఆ తేదీని వారి చర్చి పాత జూలియన్ పంచాంగం ఆధారంగా లెక్కిస్తుంది కాబట్టి, మన తిథుల్లాగా ప్రతి సంవత్సరం మారడమే గాక, కేథలిక్కుల ఈస్టర్‌తో తరచుగా కలవదు. ఉదాహరణకు 2027లో కేథలిక్కుల ఈస్టర్ మార్చి 28న, గ్రీకుల ఈస్టర్ మే 2న వస్తాయి. 2028లో రెండూ ఏప్రిల్ 16నే. విమానం టికెట్టు కొనే ముందు ఆ సంవత్సరపు ఆర్థడాక్స్ ఈస్టర్ తేదీని తప్పక చూసుకోవాలి. ఆ వారంలో నగరవాసులు సొంత ఊళ్ళకు తరలిపోతారు, ఓడలు నిండిపోతాయి, మ్యూజియాల వేళలు మారిపోతాయి. అయితే ముందే తెలిసి వెళ్ళేవారికి అంతకంటే గొప్ప వారం మరొకటి లేదు. శుక్రవారం రాత్రి పూలతో అలంకరించిన క్రీస్తు పాడెను వీధుల్లో ఊరేగిస్తారు. శనివారం అర్ధరాత్రి చర్చి దీపాలన్నీ ఆర్పి, చీకట్లో ఒక జ్వాల నుంచి మరొక కొవ్వొత్తికి వెలుగును అందించుకుంటారు. ఆ దీపాన్ని ఆరిపోకుండా ఇంటికి తీసుకువెళ్ళి దాని పొగతో గుమ్మం పైన శిలువ గుర్తు వేస్తారు. కోర్ఫులో శనివారం ఉదయం బాల్కనీల నుంచి నీళ్ళు నింపిన మట్టికుండలను వీధిలోకి విసిరి పగులగొడతారు.

ఈస్టర్‌కు ముందు ఏడు వారాల ఉపవాస దీక్ష ఉంటుంది. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, వెన్న అన్నీ నిషిద్ధం. అందువల్ల పాలు కూడా లేని శాకాహార వంటకాలు ఆ దేశపు సంప్రదాయంలో అనాదిగా ఉన్నాయి. ఈ సంగతిని భోజనం దగ్గర మళ్ళీ ప్రస్తావిస్తాను.

గుర్తుంచుకోవలసిన మరో తేదీ ఆగస్టు 15, మేరీమాత నిర్యాణ దినం. ఆ రోజున టీనోస్ దీవిలోని చర్చికి దేశం నలుమూలల నుంచి భక్తులు వస్తారు. కొందరు రేవు నుంచి గుడిదాకా మోకాళ్ళ మీద నడుస్తారు. అక్కడి మూలచిత్రం 1823లో మట్టి తవ్వకాల్లో దొరికింది. ఆగస్టు రెండో, మూడో వారాల్లో గ్రీకులందరూ సెలవులో ఉంటారు గనుక దీవుల్లో గదులు దొరకవు, ధరలు మండిపోతాయి. కుటుంబంతో మొదటిసారి వెళ్ళేవారు ఆ రెండు వారాలను వదిలేయడమే మేలు.

చరిత్రను మొదటి నుంచి కాదు, మధ్య నుంచి చదవండి

ప్రాచీన గ్రీస్ గురించి మనకు ఎంతో కొంత తెలుసు. అందువల్ల చదవడానికి ఉన్న కొద్ది సమయాన్ని తెలియని కాలానికి ఇవ్వాలి. దీనికి సులభమైన మార్గం ఏథెన్స్‌లోని ఆక్రోపొలిస్ కొండ మీద ఉన్న పార్థెనాన్ అనే ఒక్క కట్టడపు జీవితకథను తెలుసుకోవడం. క్రీ.పూ. 447లో మొదలై 432 నాటికి శిల్పాలతో సహా పూర్తయిన ఆ ఆలయం దాదాపు వెయ్యేళ్ళు అథీనా దేవతకు నిలయమైంది. తరువాత క్రైస్తవ చర్చిగా మారింది. అది రోమన్ సామ్రాజ్యపు తూర్పు భాగం కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) రాజధానిగా బైజాంటిన్ సామ్రాజ్యంగా వెలిగిన కాలం. 1453లో ఆ రాజధాని ఒట్టోమన్ తురుష్కుల వశమైంది. కొన్నేళ్ళకు ఏథెన్స్ కూడా వారి చేతిలోకి వెళ్ళి, పార్థెనాన్ మసీదు అయింది. 1687లో వెనిస్ సైన్యం ఏథెన్స్‌ను ముట్టడించినప్పుడు లోపల నిలవచేసిన మందుగుండు పేలి ఆలయం మధ్యభాగం కూలిపోయింది. 1801 నుంచి బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు మనుషులు మిగిలిన శిల్పాల్లో పెద్ద భాగాన్ని ఊడదీసి పట్టుకుపోయారు. వాటిని 1816లో బ్రిటిష్ ప్రభుత్వం కొని బ్రిటిష్ మ్యూజియంలో పెట్టింది. ఆ శిల్పాలను తిరిగి తెచ్చుకోవాలన్న కోరిక గ్రీకులందరిదీ. మన కోహినూర్ సంగతి తెలిసిన తెలుగువారికి ఈ బాధను విడమరచి చెప్పనవసరం లేదు.

ఆధునిక గ్రీస్ వయసు రెండు వందల ఏళ్ళే. ఒట్టోమన్ పాలనపై తిరుగుబాటు 1821లో మొదలైంది. మార్చి 25ను జాతీయ దినంగా జరుపుకుంటారు. 1830లో స్వతంత్ర రాజ్యంగా గుర్తింపు వచ్చింది. తొలి పాలకుడు ఇయోనిస్ కపోడిస్ట్రియాస్ 1831లో నాఫ్ప్లియోలో చర్చి గుమ్మం దగ్గర హత్యకు గురయ్యాడు. రాజధాని 1834లో అక్కడి నుంచి ఏథెన్స్‌కు మారింది. అప్పటి దేశం నేటి దానిలో సగం కూడా లేదు. అయోనియన్ దీవులు 1864లో, థెస్సలీ 1881లో, థెస్సలొనీకి 1912లో, క్రీట్ 1913లో, ఇటలీ చేతిలో ఉన్న డొడెకనీస్ 1947లో కలిశాయి. ఈ తేదీలను పటం మీదే రాసుకోండి. కోర్ఫు వీధులు వెనిస్‌ను ఎందుకు తలపిస్తాయో, రోడ్స్ నగరంలో యూరప్ వీరయోధుల కోట పక్కనే మసీదులూ ఇటాలియన్ల భవనాలూ ఎందుకు ఉన్నాయో, థెస్సలొనీకి వంటల్లో ఇస్తాంబుల్ రుచి ఎందుకు ఉందో ఆ పటమే చెబుతుంది.

అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసినది 1922. ఆసియా మైనర్‌లో, అంటే నేటి టర్కీలో, గ్రీకు సైన్యం ఓడిపోయి, స్మిర్నా నగరం తగలబడి, అక్కడ వేల సంవత్సరాలుగా ఉన్న గ్రీకు జనజీవనం అంతమైంది. 1923లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కుదిరిన ఒప్పందం మేరకు దాదాపు పన్నెండు లక్షల ఆర్థడాక్స్ క్రైస్తవులు టర్కీ భూభాగం నుంచి గ్రీస్‌కు, మూడున్నర లక్షలకు పైగా ముస్లింలు గ్రీస్ నుంచి టర్కీకి మారవలసి వచ్చింది. ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నది మాట్లాడే భాషను బట్టి కాక మతాన్ని బట్టి నిర్ణయించారు. టర్కిష్ తప్ప గ్రీకు రాని క్రైస్తవులు గ్రీస్‌కు వచ్చారు. గ్రీకు తప్ప వేరే భాష రాని క్రీట్ ముస్లింలు టర్కీకి వెళ్ళారు. భారత విభజన గురించి విన్నవారికి ఇది గుండెకు తగిలే చరిత్ర. నేటి ఏథెన్స్‌లో నేయా స్మిర్నీ, నేయా ఇయోనియా, నేయా ఫిలడెల్ఫియా అనే పేటలు ఆ శరణార్థులవే. 1924లో ఏథెన్స్‌లో పుట్టిన ఎ.ఇ.కె., 1926లో థెస్సలొనీకిలో పుట్టిన పి.ఎ.ఒ.కె. ఫుట్‌బాల్ క్లబ్బుల పేర్లలో చివరి అక్షరం కాన్‌స్టాంటినోపుల్‌కు గుర్తు. శరణార్థి పేటల్లోనూ ఓడరేవుల్లోనూ ఎదిగిన రెబెతికో సంగీతాన్ని ప్రయాణానికి ముందే కొన్ని సాయంత్రాలు వినండి. బుజూకి వాద్యం మీద సాగే ఆ పాటల్లోని దిగులు, మాటలు అర్థం కాకపోయినా అందుతుంది.

తరువాతి కాలంలో 1940 అక్టోబరు 28ని గుర్తుపెట్టుకోండి. ముసోలినీ పంపిన తుది హెచ్చరికను గ్రీస్ తిరస్కరించిన రోజు అది, ఏటా కవాతులతో జరుపుతారు. జర్మన్, ఇటాలియన్, బల్గేరియన్ సైన్యాల ఆక్రమణలో 1941–42 చలికాలపు కరవు ఏథెన్స్ వీధుల్లో వేలాదిమందిని బలిగొన్నది. 1943లో థెస్సలొనీకి యూదులు దాదాపు యాభై వేల మందిని ఆష్విట్జ్‌కు తరలించి చంపారు. నాలుగు శతాబ్దాలుగా ఆ నగరపు ప్రాణంగా ఉన్న సమాజం కొన్ని నెలల్లో మాయమైంది. 1946–49 మధ్య అంతర్యుద్ధం ఊళ్ళను, ఇళ్ళను రెండుగా చీల్చింది. 1967 నుంచి 1974 వరకు సైనిక నియంతృత్వం సాగింది. 1973 నవంబరు 17న ఏథెన్స్ పాలిటెక్నిక్ గేటును యుద్ధటాంకు కూల్చింది. ఇప్పటికీ ప్రతి ఏటా ఆ రోజున పెద్ద ఊరేగింపు జరుగుతుంది, నగరకేంద్రంలో రాకపోకలు నిలిచిపోతాయి. 2010 తరువాత వచ్చిన అప్పుల సంక్షోభంలో దేశ ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది, 2013లో నిరుద్యోగం 27 శాతానికి చేరింది, 2015 వేసవిలో బ్యాంకు యంత్రాల నుంచి రోజుకు 60 యూరోలకు మించి తీసుకోనివ్వలేదు. మీతో నవ్వుతూ మాట్లాడే నలభై ఏళ్ళ మనిషి ఆ సంవత్సరాల్లో ఉద్యోగమో, దుకాణమో పోగొట్టుకొని ఉండవచ్చు. కాబట్టి గ్రీకుల బద్ధకం గురించి ఎక్కడో విన్న మాటలను వారి దగ్గర ఎత్తవద్దు. టర్కీ, సైప్రస్, మాసిడోనియా ప్రసక్తి వస్తే వినండి, తీర్పు చెప్పవద్దు.

మన వైపు నుంచి కూడా ఒక దారం ఉంది. అశోకుడి పదమూడవ శిలాశాసనంలో అయిదుగురు యవన రాజుల పేర్లు ఉన్నాయి. విదిశ దగ్గర గ్రీకు రాయబారి హెలియొడోరస్ వాసుదేవుడికి గరుడస్తంభం నిలిపాడు. ఏథెన్స్‌లో పుట్టిన దిమిత్రియోస్ గలానోస్ 1786లో కలకత్తా చేరి, తరువాత కాశీలో నలభై ఏళ్ళు గడిపి, సంస్కృత గ్రంథాలను గ్రీకులోకి అనువదించి, 1833లో కాశీలోనే కన్నుమూశాడు. ఆయన పేరు చెబితే చదువుకున్న గ్రీకుల ముఖం వికసిస్తుంది.

లిపి, కొన్ని మాటలు

గ్రీకు లిపిలో 24 అక్షరాలు. ఆల్ఫా, గామా, డెల్టా, థీటా, లాంబ్డా, పై, సిగ్మా, ఒమేగా మన పిల్లలకు గణితంలోనూ భౌతికశాస్త్రంలోనూ పరిచయమే కాబట్టి వారం రోజుల్లో చదవడం వచ్చేస్తుంది. జాగ్రత్త పడవలసినవి ఇంగ్లీషును పోలిన అక్షరాలు: పి లాగా కనిపించేది ర, హెచ్ లాగా కనిపించేది ఈ, బి లాగా కనిపించేది వ, ఎక్స్ లాగా కనిపించేది హ లేదా ఖ అని పలుకుతాయి. పెద్ద పర్యాటక స్థలాల్లో ఇంగ్లీషు బోర్డులు ఉంటాయి; ప్రాంతీయ బస్సుల మీద, పల్లె దుకాణాల మీద ఉండకపోవచ్చు. ఉదయం కలిమేరా, సాయంత్రం కలిస్పేరా, కృతజ్ఞతకు ఎఫ్ఖరిస్తో, దయచేసి అనడానికి పరకలో చాలు. అవును అనడానికి నే అంటారు, కాదు అనడానికి ఓహి. మొదటిది భారతీయుల చెవికి నిరాకరణలా వినిపిస్తుంది గనుక ముందే అలవాటు చేసుకోండి. తలను పైకి ఎగరేసి నాలుకతో చప్పుడు చేస్తే కూడా కాదనే అర్థం. అయిదు వేళ్ళూ విప్పి అరచేతిని ఎదుటివారి ముఖం వైపు చూపడం అక్కడ ఘోరమైన అవమానం. అయిదు అని చెప్పాలన్నా, ఆగమని చెప్పాలన్నా అరచేతిని మీ వైపే తిప్పుకోండి.

భోజనం

మాంసాహారులకు అక్కడ ఏ ఇబ్బందీ లేదు. శాకాహారులకు మాత్రం కొంత ముందు చదువు అవసరం, అది ఉంటే ఆ దేశం ఎంతో అనుకూలమైనది. ఆలివ్ నూనెలో టమాటాతో నెమ్మదిగా ఉడికించిన కూరలను లదేరా అంటారు. వాటిలో చిక్కుళ్ళతో చేసే ఫసొలాకియా, బెండకాయలతో చేసే బామ్యెస్, వంకాయ, గుమ్మడి జాతి కాయలు, బంగాళదుంపలు కలిపి పొయ్యిలో కాల్చే బ్రియామ్ ముఖ్యమైనవి. శాంటోరిని ఫావా మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టం. కొండ ఆకుకూరలను ఉడికించి నూనె, నిమ్మరసం పోసి హోర్తా అని ఇస్తారు. సీఫ్నోస్ దీవిలో శనివారం రాత్రంతా మట్టిపాత్రలో ఉడికిన శనగలను ఆదివారం తింటారు. పాలు, గుడ్లు కూడా వద్దనుకునేవారు నిస్తీసిమో అని, అంటే ఉపవాసపు వంట అని, అడగాలి. అయితే ఆ దీక్షలో రొయ్యలు, ఆక్టోపస్ తినడానికి అనుమతి ఉంది గనుక అవి కూడా లేవని విడిగా నిర్ధారించుకోవాలి. ద్రాక్షాకులు, టమాటాలలో అన్నం కూరిన వంటకాల్లో ఒక్కోసారి మాంసపు కీమా ఉంటుంది. నిమ్మరసంతో చిక్కగా కనిపించే పులుసులో గుడ్డు ఉంటుంది. కారం మాత్రం ఎక్కడా ఆశించవద్దు. పచ్చడి పొడులు వెంట తీసుకువెళ్ళేవారు ఉంటారు, అందులో తప్పులేదు, కాని మొదటి మూడు రోజులు వాటిని తెరవకుండా ఆ నూనె, నిమ్మ, ఒరెగానో రుచులకు నాలుకను అలవాటు పడనివ్వండి.

మధ్యాహ్న భోజనం రెండు, మూడు గంటలకు. రాత్రి భోజనం తొమ్మిది దాటాక. వేసవిలో మూడు గంటల నుంచి అయిదున్నర వరకు ఇళ్ళల్లో విశ్రాంతి సమయం. ఆ వేళలో అద్దె ఇళ్ళలో బిగ్గరగా మాట్లాడటం, పాటలు పెట్టడం మర్యాద కాదు. ఆదివారాలు ఎక్కువ దుకాణాలు మూసి ఉంటాయి. ఏథెన్స్‌లో కుళాయి నీరు తాగవచ్చు, చాలా చిన్న దీవుల్లో తాగకూడదు. మరుగుదొడ్డిలో కాగితాన్ని నీళ్ళలో వేయక పక్కనున్న బుట్టలో వేయాలి.

కాగితాలు, మొదటి రెండు రోజులు

గ్రీస్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వీసాకు దరఖాస్తు చేయవచ్చు. పదిహేను రోజుల కంటే తక్కువ వ్యవధి ఉంచుకోకూడదు, వేసవికైతే రెండు మూడు నెలలు ముందే చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇతర షెంగెన్ దేశాలు కూడా చూస్తుంటే ఎక్కువ రాత్రులు గడిపే దేశం వద్దే దరఖాస్తు చేయాలి. కారు నడపదలచినవారు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకోవాలి. అత్యవసర నంబరు 112. కార్చిచ్చు, వరదల హెచ్చరికలు కూడా ఆ నంబరు నుంచే ఫోన్లకు వస్తాయి, వచ్చినప్పుడు చెప్పిన దిక్కుకు వెంటనే కదలాలి. మెటియోరా వంటి మఠాలకు వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు ఉండాలి. 

ఏథెన్స్‌లో దిగిన వెంటనే ఆక్రోపొలిస్‌కు పరుగెత్తవద్దు. మొదటి రోజు బెనాకి మ్యూజియం ప్రధాన భవనానికి వెళ్ళండి. ప్రాచీన కాలం నుంచి ఇరవయ్యవ శతాబ్దం దాకా వరుసక్రమంలో అమర్చిన ఆ గదులు, మీరు ఇంట్లో చదివినదంతా కళ్ళముందు పెడతాయి. రెండో రోజు ఉదయం 2009లో తెరిచిన ఆక్రోపొలిస్ మ్యూజియం చూడండి. దాని పై అంతస్తును పార్థెనాన్ ఉన్న దిక్కుకే తిప్పి కట్టారు. అసలు శిల్పాలు తేనెరంగులో, లండన్‌లో ఉన్నవాటి నమూనాలు తెల్లని ప్లాస్టరులో పక్కపక్కన ఉంటాయి. కొండ మీదికి అదే రోజు సాయంత్రపు చివరి గంటలకు టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. టికెట్టు మీద ముద్రించిన సమయానికే లోపలికి పంపుతారు. వడగాడ్పుల రోజుల్లో మధ్యాహ్నం పూట ద్వారాలు మూసివేస్తారు గనుక ఆ వేళను ఎంచుకోవద్దు. కోట్లమంది పాదాలకు అరిగిన పాలరాయి జారుతుంది. అడుగున పట్టున్న బూట్లు వేసుకొని, నీళ్ళ సీసా నింపుకొని ఎక్కండి.